ఏడవని జడ్జీగారు

ఆ ఇంటికి మూడంతస్తుల మెట్లు. అంతస్తుకు రెండేసి మలుపులు. తోడికోడలు పాపను ఎత్తుకుని ఆ ఆరు మలుపులూ దిగుతున్నంతసేపూ మిషనక్క గుమ్మంలో కొయ్యబారిపోయి నిలబడింది. చేతిలో గిన్నె, గిన్నెలో నలిపిన అరటిపండు. పాప ఏడుపు మొదటి మలుపు దగ్గర ఎలా ఉందో, నాలుగో మలుపు దగ్గర ఎలా బొంగురుపోయిందో, కింద వీధి తలుపు మూసుకోగానే ఎలా తెగిపోయిందో ఆవిడ ఇప్పటికీ చెప్పగలదు. మిగతావాళ్ళు జ్ఞాపకాలను కళ్ళతో దాచుకుంటారు. ఆవిడ చెవులతో దాచుకుంటుంది.

పాప పుట్టిన పదో రోజున ఆ తోడికోడలే వచ్చి ఒళ్ళో పెట్టింది. "ఇద్దరితోనే చస్తున్నానే, మూడోదాన్ని ఎత్తుకునే ఓపిక కూడా లేదు నాకు. నీకా పిల్లల్లేరు. ఇది నీదే అనుకో," అంది. అనుకోమన్నది కాబట్టి మిషనక్క అనుకుంది. పద్నాలుగు నెలలు అనుకుంది. ఆ తర్వాత ఒళ్ళు కుదుటపడ్డ తోడికోడలు మళ్ళీ మెట్లెక్కి వచ్చింది. "కడుపున పుట్టింది కదే, ఉండలేకపోతున్నాను," అంది. వెంట వచ్చిన బావగారు గోడకున్న క్యాలెండరులో ఏదో ముఖ్యమైన తేదీ ఉన్నట్టు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఇచ్చినప్పుడు కాగితం లేదు, తీసుకుపోయేటప్పుడూ లేదు. ఎంతైనా కన్నతల్లి కదా అని బంధువులు సర్దిచెప్పి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు.

ఒక్క ప్రశ్న మాత్రం ఆవిడ గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఇంటికెళ్ళాక పాప ఎన్ని రోజులు ఏడ్చింది? ఒక్కపూటతో ఊరుకుందంటే ఈ పద్నాలుగు నెలలూ గాలికి పోయినట్టే. నెలరోజులు ఏడ్చిందంటే ఆ మాట విని తట్టుకోవడం తన వల్ల కాదు. అందుకని అడగలేదు.

ఆవిడ పనిచేసేది రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో. ఐదు వరసల్లో నూట పది కుట్టుమిషన్లు. పద్దెనిమిదేళ్ళప్పుడు గుండీలు కుట్టడానికి చేరింది. ఒకరోజు మెకానిక్ రాకపోతే, తన మిషన్ తనే విప్పి బాగుచేసుకుని, పక్కదాన్నీ బాగుచేసింది. ఐదేళ్ళు తిరిగేసరికి నూట పదింటికీ ఆవిడే దిక్కయింది. విప్పక ముందు వినడం ఆవిడ పద్ధతి. హాలు చివర టీ తాగుతూనే తల పక్కకు వంచి, "మూడో వరసలో ఏడోది గొంతు మార్చింది," అనేది. వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, బల్లకి చెవి ఆనించేది. షటిల్ అరిగిందో, సూది కొన వంగిందో, బెల్టు వదులైందో అక్కడే తేలిపోయేది.

"అక్కా, మా ఆయన గురక కూడా కాస్త విని ఏ స్క్రూ లూజో చెప్పకూడదూ!" అనేవాళ్ళు కుట్టేవాళ్ళు.

"మీ ఆయనకి స్పేరు పార్టులు దొరకవే. వాడకం మానెయ్," అనేది మిషనక్క.

కొత్తగా పని నేర్చుకునేవాళ్ళకు ఆవిడ మొదట చెప్పే సూత్రం ఒకటే. చప్పుడు చెయ్యని మిషన్ జోలికి వెళ్ళకు, అది బాగున్నట్టు లెక్క.

ఆవిడ భర్త స్కూలు బస్సు నడుపుతాడు. ఊళ్ళో అందరికీ బస్సాయన. పాప వెళ్ళిపోయాక ఏడాదిపాటు ఆ ఇంట్లో పిల్లల మాట ఎత్తింది లేదు. ఒక సాయంత్రం ఆయనే ధైర్యం చేసి, తెలిసినవాళ్ళ ద్వారా ఎక్కడో ఒక బిడ్డ ఉందట అని మొదలుపెట్టాడు. మిషనక్క వేలు అడ్డం పెట్టింది.

"తెలిసినవాళ్ళ బిడ్డ వద్దు. ఎవరూ మెట్లెక్కి వచ్చి అడగలేనంత దూరం నుంచి తెచ్చుకుందాం."

"అంత దూరం అంటే సముద్రం దాటాలి."

"దాటుదాం."

దాటడానికి మూడేళ్ళు పట్టింది. వాళ్ళ రక్తానికి, పళ్ళకి, నడవడికకి, పడకగది కిటికీ వెడల్పుకి కూడా సర్టిఫికెట్లు అడిగారు. మిషనక్క ఒక్కో కాగితం తెచ్చి ఇస్తూనే ఉంది. పదో రోజున బిడ్డను ఇచ్చి, పద్నాలుగో నెలలో లాక్కుపోయినవాళ్ళను మాత్రం ఏ ఆఫీసూ ఏ కాగితమూ అడగలేదు.

చివరికి పిలుపు వచ్చింది. పదకొండు నెలల మగబిడ్డ. ఆ దేశపు నిబంధన ప్రకారం బిడ్డతోపాటు ముప్పై ఐదు రోజులు అక్కడే ఉండాలి. ఆఫీసరు మూడుసార్లు వచ్చి చూస్తుంది. ఆఖరి రోజున సంతకం పెడితే బిడ్డ వాళ్ళది. పెట్టకపోతే కాదు.

విమానాశ్రయంలో వాళ్ళ కోసం నిలబడ్డ దుబాసీ సన్నగా, పొడుగ్గా, మెడ కాస్త ముందుకు వంగి ఉన్న మనిషి. నోరు తెరిస్తే అచ్చం మనవాడే.

"ఏంటలా చూస్తారు? మీ దేశంలో పదేళ్ళు మిల్లు క్యాంటీన్లో గరిటె తిప్పాను బావగారూ. భాష అక్కడే ఒంటబట్టింది, మోకాళ్ళ నొప్పులూ అక్కడే ఒంటబట్టాయి. పద చెల్లెమ్మా, నీ కొడుకు ఎదురుచూస్తున్నాడు."

కొడుకు ఎదురుచూస్తున్నట్టేమీ లేదు. శిశుగృహంలో అదొక పొడుగాటి హాలు. అప్పుడే తుడిచిన నేల, రెండు వరసల్లో తెల్ల రంగు వేసిన ఇరవై ఆరు ఇనుప ఉయ్యాల మంచాలు. ఒక్కో మంచానికి ఒక నంబరు. ఇరవై ఆరుగురు పిల్లలూ మెలకువగానే ఉన్నారు. చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది.

మిషనక్క చెవులు విప్పారాయి. "ఎంత బాగా చూసుకుంటున్నారో చూడండి. ఒక్కరంటే ఒక్కరు ఏడవట్లేదు," అంది గుసగుసగా.

"మా బస్సులో నలభై మంది. వీళ్ళకున్న బుద్ధిలో సగం వాళ్ళకుంటే నాకీ బట్టతల వచ్చేది కాదు," అన్నాడు బస్సాయన.

పంతొమ్మిదో నంబరు మంచంలోంచి ఆయా ఒక బిడ్డను తీసి ఆవిడ చేతుల్లో పెట్టింది. గుండు, డొప్ప చెవులు, గంభీరమైన మొహం. వాడు మిషనక్కను చూశాడు. బస్సాయన్ను చూశాడు. దుబాసీని చూశాడు. ముగ్గురి వాంగ్మూలాలూ విన్నాను, తీర్పు తర్వాత చెబుతాను అన్నట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"అయ్యబాబోయ్, జడ్జీగారు!" అన్నాడు బస్సాయన. "వాయిదా ఎప్పుడండీ?"

ఆ పేరు ఉండిపోయింది.

వాళ్ళకు ఇచ్చిన గది రెండో అంతస్తులో. ఒక స్టవ్వు, ఒక మంచం, పిల్లవాడికి కొయ్య కటకటాలున్న ఉయ్యాల మంచం, వీధిలోకి ఒక కిటికీ, బయట పొడవాటి వసారా. మొదటి వారమంతా మిషనక్కకు ఆ బిడ్డ ఒక వింత. చెంచా నోటి దాకా వస్తే నోరు తెరుస్తాడు, రాకపోతే అడగడు. పొద్దున్న ఎప్పుడు లేస్తాడో తెలియదు. చూసేసరికి కళ్ళు తెరిచి పైకప్పు చూస్తూ ఉంటాడు. ఎత్తుకుంటే వస్తాడు, దింపితే ఉంటాడు. ఒకసారి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగి మంచం కోడుకి నుదురు కొట్టుకున్నాడు. బొప్పి కట్టింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. పెదవి కూడా విప్పలేదు.

"వీడికి గొంతు ఉందంటావా?" అన్నాడు బస్సాయన, బొప్పి మీద తడిగుడ్డ అద్దుతూ.

"డాక్టరు కాగితంలో అన్నీ ఉన్నాయనే రాశారు. వాడుకోవట్లేదు, అంతే. మీకేం నష్టం?"

ఆవిడకు లోపల హాయిగానే ఉంది. బిడ్డ ఏడిస్తే తన ప్రాణం ఏమైపోతుందోనని మూడేళ్ళుగా లోలోపల దడ. ఏడవని బిడ్డ దొరికాడు. ఇంకేం కావాలి?

పన్నెండో రోజున స్కూలు సెలవులు అయిపోయి బస్సాయన వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. పెట్టె పట్టుకుని, గుండు మీద ముద్దుపెట్టి, "వెళ్ళొస్తానండీ జడ్జీగారూ," అన్నాడు. వాడు ఒకసారి చూసి, కిటికీలోంచి పోతున్న లారీ వైపు తల తిప్పుకున్నాడు.

"కేసు కొట్టేశాడు," అని నవ్వబోయాడు బస్సాయన. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

రెండు రోజుల తర్వాత ఆఫీసరమ్మ రెండోసారి వచ్చింది. పొట్టి జుట్టు, మెడలో దారానికి వేలాడే పెన్సిలు, మెత్తటి కుర్చీ ఉన్నా గట్టి బల్ల మీదే కూర్చునే మనిషి. మొదటిసారిలాగే మిషనక్కను రెండు నిమిషాలు బయటికి వెళ్ళమంది. వెళ్ళి వచ్చింది. బిడ్డ ఎక్కడ ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. ఆఫీసరమ్మ ఏదో రాసుకుంటోంది. మిషనక్క మురిసిపోతూ దుబాసీ వైపు తిరిగింది.

"మేడం గారికి చెప్పండన్నయ్యా. పద్నాలుగు రోజులయింది, ఒక్కసారి కూడా ఏడవలేదని చెప్పండి. నేనున్నా సరే, లేకపోయినా సరే, బంగారంలా ఉంటాడు."

దుబాసీ నీళ్ళు నమిలాడు. చెప్పాడు. పెన్సిలు ఆగింది. ఆఫీసరమ్మ చాలాసేపు మాట్లాడింది, కోపంగా కాదు, అలసటగా. ఆయన కిటికీ వైపు చూస్తూ తర్జుమా చేశాడు.

"చెల్లెమ్మా, ఆవిడ ఏమంటోందంటే... తన బెంగంతా దాని గురించేనంట. నువ్వు వెళ్ళావో వచ్చావో వాడికి పట్టట్లేదంట. వాడికి నువ్వొకటే, ఆ గోడొకటే అంటోంది. ఆఖరి రోజుకీ ఇలాగే ఉంటే సంతకం పెట్టదంట. బాబును మళ్ళీ అక్కడికే పంపి, వేరే ఇంటివాళ్ళను వెతుకుతారంట."

మిషనక్క వెళ్ళి ఉయ్యాల మంచానికి అడ్డంగా నిలబడింది. ఇంత దూరం వచ్చినా మెట్లెక్కి వచ్చేవాళ్ళు ఉన్నారన్నమాట. ఈసారి పెన్సిలు పట్టుకుని వచ్చారు.

"ఏడవకపోవడం కూడా తప్పేనా? అయితే ఏం చెయ్యమంటుంది, గిల్లమంటుందా?"

"గిల్లితే వచ్చే ఏడుపు వేరమ్మా. అది ఆవిడకి తెలుసు. పాతికేళ్ళుగా అదే పని." ఆయన గొంతు తగ్గించాడు. "మా అమ్మాయి ఇంత ఉన్నప్పుడు నేను చెప్పుల వైపు చూస్తే చాలు, ఆరున్నొక్క రాగం ఎత్తుకునేది. మా ఆవిడ చెప్పులు దాచేసి, నేను ఎక్కడికీ వెళ్ళట్లేదన్నట్టు నాటకం ఆడేది. ఒక్కోసారి వెతుక్కోలేక ఉత్తకాళ్ళతో పనికెళ్ళాను."

ఆయన నవ్వించడానికే చెప్పాడు. మిషనక్క నవ్వలేదు. ఆవిడ తల పక్కకు వంచి వింటోంది. ఉయ్యాల మంచంలో ఉలుకూ పలుకూ లేదు.

మర్నాడు పొద్దున్నే బిడ్డను చంకనెత్తుకుని, దుబాసీని వెంటబెట్టుకుని శిశుగృహానికి వెళ్ళింది. ఒక మూల కూర్చుని చూస్తానంటే వాళ్ళు సరే అన్నారు. స్టూలు మీద గంటసేపు కూర్చుంది. ఇద్దరే ఆయాలు. మంచివాళ్ళే, చేతులు తీరిక లేకుండా ఆడుతున్నాయి. గంట మోగింది. ఒకటో మంచం నుంచి పాలు మొదలయ్యాయి. ఇరవై ఆరో మంచానికి చేరేసరికి ఒకటో మంచం బిడ్డకు గుడ్డలు మార్చే వేళయింది. ఎనిమిదో మంచంలో సీసా జారి కింద పడింది. ఆ పిల్ల కటకటాల మధ్యలోంచి సీసాను చూసింది. అరవలేదు. చూసి, చూసి, వేలు నోట్లో పెట్టుకుంది.

అప్పుడు మిషనక్కకు తన సూత్రంలో లోపం తెలిసింది. హాయిగా నడిచే మిషన్ చప్పుడు చెయ్యదు, నిజమే. తీగ తెగి ఆగిపోయిన మిషన్ కూడా చెయ్యదు. ఇరవై ఏళ్ళుగా ఈ రెండింటికీ తేడా ఆవిడ చేత్తో తాకి చెప్పగలదు. బిడ్డ విషయంలో తాకి కూడా తెలుసుకోలేదు. తెలుసుకోవాలనుకోలేదు, ఆ నిశ్శబ్దం తనకు సుఖంగా ఉంది కాబట్టి. వీళ్ళు బుద్ధిమంతులు కారు. పిలిస్తే ఎవరూ రారని తెలిసి పిలవడం మానేసినవాళ్ళు.

లేచి పంతొమ్మిదో నంబరు మంచం దగ్గరకు వెళ్ళింది. అందులో ఇంకా ఎవరినీ వెయ్యలేదు. చేత్తో ఇనుప కమ్మీ తడుముతుంటే ఒకచోట వేలికి గరుకు తగిలింది. వంగి చూసింది. పడుకున్న బిడ్డ చెయ్యి అందేంత ఎత్తులో, గోరంత మేర తెల్లరంగు పోయి, కింద ఇనుము మెరుస్తోంది. సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి.

"ఇదేంటో ఆయమ్మని అడగండన్నయ్యా."

ఆయా వచ్చి చూసి భుజాలెగరేసింది. "పాత మంచాలు, రంగు పెచ్చులు ఊడుతుంది అంటోంది," అన్నాడు దుబాసీ.

"పెచ్చులూడితే ఇలా ఊడదు," అంది మిషనక్క. "ఇది అరుగుదల. ఒకే చోట, ఒకే తీరుగా, నెలల తరబడి ఏదో రాసుకుంటే వచ్చే అరుగుదల. మా మిషన్లలో రోజూ చూస్తాను."

చంకలో ఉన్నవాడి కుడిచెయ్యి తీసి చూసింది. బొటనవేలి గోరు ఒక పక్కకు అరిగిపోయి ఉంది.

గదికి వచ్చాక వాడిని ఉయ్యాల మంచంలో పడుకోబెట్టింది. స్టవ్వు ఆపింది, కిటికీ మూసింది. నేల మీద కూర్చుని మంచం కోడుకి చెవి ఆనించింది, ఫ్యాక్టరీలో బల్లకి ఆనించినట్టే. పాల వేళ దాటింది. పావుగంట గడిచింది. గర్... గర్... కొయ్య మీద గోరు. ఎలుకపిల్ల కూడా అంత నెమ్మదిగా గీకదు. రెండుసార్లు గీకి ఆగాడు. పదిహేను రోజులుగా ఆ గదిలో ఆ చప్పుడు అవుతూనే ఉండి ఉంటుంది. మూడో వరసలో ఏడో మిషన్ గొంతు పట్టుకునే మనిషికి పక్కనున్న బిడ్డ గోరు వినబడలేదు.

మిషనక్క ఒక్క ఉదుటున లేచి, "ఏం నాన్నా, పిలిచావా?" అంటూ మొహం మీదికి వంగింది.

వాడు బిత్తరపోయాడు. ఆవిడను చూశాడు. తన బొటనవేలిని చూసుకున్నాడు. మళ్ళీ ఆవిడను చూశాడు. ఎప్పుడూ తీర్పు వాయిదా వేసే ఆ మొహంలో మొట్టమొదటిసారి ఒక అనుమానం కదిలింది.

ఆ రోజు నుంచి ఆవిడకు వేరే పని లేకపోయింది. గోరు గీకితే చాలు, చేతిలో ఏముంటే అది వదిలేసి వెళ్ళేది. అన్నం తింటుంటే ఎంగిలి చేత్తో వెళ్ళేది. స్నానంలో ఉంటే సబ్బు మొహంతో వెళ్ళేది. మొదట వాడికి నమ్మకం కుదరలేదు. ఒకసారి గీకి, ఆవిడ వచ్చాక, ఇది కాకతాళీయమేమో అన్నట్టు కాసేపాగి మళ్ళీ గీకేవాడు. మళ్ళీ వచ్చేది. నాలుగో రోజుకు వాడికి ఇది పరిశోధన అయిపోయింది. ఆవిడ స్టవ్వు దగ్గరుంటే వస్తుందా? వచ్చింది. తలుపవతల ఉంటే వస్తుందా? వచ్చింది. ఆకలి లేదు, తడి లేదు, ఊరికే గీకితే వస్తుందా? వచ్చింది, వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏంట్రా, పనీపాటా లేదా?" అంది. వాడు కాళ్ళు రెండూ పైకెత్తి పరుపు మీద టపటపా కొట్టాడు.

ఫోనులో బస్సాయన అడిగాడు. "ఏమంటున్నారు జడ్జీగారు?"

"నన్ను బంట్రోతును చేశాడు. గోటితో పిలుస్తున్నాడు."

"ఏడ్చాడా?"

"లేదు. 'ఆఁ' అన్నాడు ఇవాళ. గోరు గీకుతూ 'ఆఁ' అన్నాడు. మీరు వింటే బాగుండేది."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

ముప్పై ఐదో రోజు రానే వచ్చింది. ఆఫీసరమ్మ గట్టి బల్ల మీద కూర్చుని, పెన్సిలు చేతిలోకి తీసుకుని, రెండు నిమిషాలు అన్నట్టు వేళ్ళు చూపించింది. మిషనక్క వసారాలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. పక్కనే దుబాసీ, చేతి గడియారం చూసుకుంటూ.

అరనిమిషం గడిచింది. తలుపవతల గర్... అని వినబడింది.

మిషనక్క చెయ్యి తలుపు మీద పడింది.

"ఇంకా అవ్వలేదు చెల్లెమ్మా," అన్నాడు దుబాసీ.

"పిలుస్తున్నాడు."

"ఎక్కడ? నాకేం వినబడట్లేదే! ఒక్క నిమిషమున్నర ఓపిక పట్టు. సంతకం అయిపోతే జీవితాంతం వెళ్దువుగాని. ఇప్పుడు వెళ్తే పరీక్ష పాడవుతుంది."

గర్... గర్... ఇరవై రోజులుగా ఆ చప్పుడుకు జవాబు లేకుండా పోలేదు. ఇప్పుడు ఆగితే వాడికి ఏమని అర్థమవుతుంది? అప్పుడు మెట్ల మీద కూడా అంతే కదా. పెద్దవాళ్ళున్నారు, పద్ధతి ఉంది, మర్యాద ఉంది అని గిన్నె పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. మిషనక్క తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆఫీసరమ్మ పెన్సిలు టక్కున బల్ల మీద పెట్టింది. వెనకాలే వచ్చిన దుబాసీ గబగబా చెప్పుకొచ్చాడు. మంచం కమ్మీ, అరిగిన గోరు, సబ్బు మొహం అన్నీ. ఆవిడ నమ్మలేదు. నేను పక్కనే కూర్చున్నాను, నాకే ఏమీ వినబడలేదే అంది. వంగి ఉయ్యాల మంచం కొయ్యను చూసింది. కొత్త గీతలు. వేలితో తడిమింది. తర్వాత మిషనక్కను ఈసారి వసారా చివరిదాకా, మెట్ల దగ్గరిదాకా వెళ్ళమంది. తను మంచం పక్కన నేల మీద చతికిలబడి చెవి దగ్గరగా పెట్టింది.

మెట్ల దగ్గర నుంచి మిషనక్కకు ఏమీ వినబడదు. మెట్ల పక్క చెక్క కమ్మీ పట్టుకుని నిలబడింది. అంత దూరంలో గోరు చాలదు. ఆ సంగతి వాడికీ తెలియాలి.

లోపల ఏం జరిగిందో తర్వాత ఆఫీసరమ్మే చెప్పింది. ఒకసారి గీకాడట. తలుపు వైపు చూశాడట. రెండోసారి, మూడోసారి గీకాడట. 'ఆఁ' అన్నాడట. తలుపు కదల్లేదు. కింది పెదవి ముందుకొచ్చింది. ఊపిరి లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదట.

వసారాకి మాత్రం ఏడుపే వినబడింది. గుక్కపట్టిన ఏడుపు, పన్నెండు నెలలది ఒక్కసారే తెరిచినట్టు. పక్క గదుల్లో తలుపులు తెరుచుకున్నాయి. అచ్చం ఆ మెట్ల మీది ఏడుపే. అప్పుడది దూరమవుతూ దిగిపోయింది. ఇప్పుడు ఇటు రా అంటోంది, అంతే తేడా.

వెంట వచ్చిన దుబాసీ అలవాటుకొద్దీ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆఫీసరమ్మ రమ్మనేదాకా..."

"తప్పుకో అన్నయ్యా!"

ఆయన తప్పుకున్నాడు. తర్వాత ఆయన అందరికీ చెప్పే మాట, తప్పుకోకపోతే తన రెండో మోకాలు కూడా పోయేదని.

వాడు ఆవిడ మెడ పట్టుకుని, భుజంలో మొహం దాచుకుని, తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎత్తుకుంటూ అరగంట ఏడ్చాడు. ఆఫీసరమ్మ చెవులు మూసుకుంటూనే సంతకం పెట్టింది. వెళ్తూ దుబాసీతో ఏదో అంది.

"ఏమంటోంది?"

"వినడానికి చెవి ఆనించాను, ఇప్పుడు ఆ చెవి పనిచెయ్యట్లేదు అంటోంది."

తిరిగి వచ్చాక మూడో అంతస్తు ఇంట్లో ప్రశాంతత అన్నది లేదు. జడ్జీగారు తీర్పులన్నీ పైస్థాయిలో అరిచే చెబుతున్నాడు. మిషనక్క వంటింట్లోకి వెళితే ఏడుపు, బస్సాయన చెప్పుల వైపు చూస్తే ఏడుపు. ఆయన మురిసిపోయి రోజూ రెండుసార్లు చెప్పులు తొడిగి విప్పేవాడు.

నాలుగో నెలలో తోడికోడలు వచ్చింది. నాలుగేళ్ళ తర్వాత ఆ మెట్లెక్కడం అదే మొదలు. బావగారికి దూరపు ఊరికి బదిలీ అయింది, వెళ్ళేముందు పిల్లాణ్ణి చూసి పోదామని వచ్చానంది. వెంట పాప. ఐదేళ్ళది. తలుపు దగ్గర చెప్పులు వరసగా పెట్టి, కుర్చీలో కూర్చోమంటే కూర్చుంది. ఒళ్ళో చిన్న చేతిసంచి. మిషనక్కను గుర్తుపట్టలేదు. గుర్తుపడుతుందని ఆవిడా అనుకోలేదు. అనుకోలేదు గానీ, రెండుసార్లు చూసింది.

టీ పెట్టడానికి లేవగానే పిల్లాడు రాగం అందుకున్నాడు.

"అబ్బబ్బ, ఏం గొంతే వీడిది! ఎలా పడుతున్నావే?" అంది తోడికోడలు. "మా పాప చూడు, అసలు ఏడవదు. పెట్టింది తింటుంది, చెప్పిన చోట కూర్చుంటుంది. ఇంట్లో ఉందో లేదో కూడా తెలియదు."

మిషనక్క పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. గొంతులో ముల్లు దానంతటదే కదిలింది.

"అక్కా, ఆ రోజు ఇంటికి తీసుకెళ్ళాక ఎన్ని రోజులు ఏడ్చింది?"

తోడికోడలు కప్పు దింపింది. ఒకసారి పాప వైపు చూసింది. "ఇప్పుడెందుకే అదంతా... తొమ్మిది రోజులు. ఊపిరి తీసుకోవడానికి ఆగేది, అంతే. ఎత్తుకుంటే ఇంకా ఎక్కువ చేసేది. వెళ్తే అలవాటవుతుంది, ఎవరూ వెళ్ళొద్దన్నారు మీ బావగారు. గదిలో వేసి తలుపు వేశాం. పదో రోజుకి అదే మానుకుంది."

తొమ్మిది రోజులు. ఇన్నాళ్ళూ భయపడ్డ జవాబు అదే. వింటే చచ్చిపోతాననుకుంది. చచ్చిపోలేదు. తొమ్మిది రోజులపాటు ఆ బిడ్డ, తలుపవతల తను ఉన్నానని నమ్మిందన్నమాట.

టిక్. టిక్.

మిషనక్క తల పక్కకు ఒరిగింది. ఫ్యాన్ కాదు, గడియారం కాదు. కుర్చీలో పాప కదలకుండా కూర్చుని వాళ్ళమ్మ వైపే చూస్తోంది. ఒళ్ళో సంచికున్న టిచ్ బటన్ను రెండు వేళ్ళతో తెరుస్తోంది, మూస్తోంది. టిక్. ఆగి, చూసి, మళ్ళీ టిక్. తోడికోడలు బదిలీ ఊళ్ళో ఇళ్ళు ఎలా ఉంటాయో చెబుతోంది.

ఆ తర్వాత వాళ్ళు కలుసుకోలేదు. ఆ రోజు పాపను ముందు పంపి, తోడికోడలు మొదటి మలుపు దగ్గరికి చేరేసరికి పైనుంచి మిషనక్క పిలిచింది. నాలుగేళ్ళ క్రితం నిలబడ్డ గుమ్మం దాటి, చంకలో పిల్లాడితో నాలుగు మెట్లు దిగి వచ్చింది.

"అక్కా, దానికి నాలుగు రోజుల్నుంచో నాలుగేళ్ళ నుంచో నీతో ఏదో పనుంది. ఇందాక నువ్వు టీ తాగుతున్నంతసేపూ పిలుస్తూనే ఉంది. నీకు వినబడలేదు, నిన్ను అనను, నాకూ పదిహేను రోజులు వినబడలేదు. ఆ సంచి బటను చప్పుడైతే వెళ్ళు. చేతిలో ఏమున్నా వదిలేసి వెళ్ళు. మొదట్లో నమ్మదు. అయినా వెళ్ళు."